ఒక బట్ట రంగు ఇంకో బట్టకు అంటుకుంటే: వదిలించే పద్ధతి మొదటి నుంచి చివరి దాకా

ముందు మెషీన్ ఆపండి. రంగు అంటుకున్న బట్టల్ని దండెం మీద ఆరేయకండి, డ్రయ్యర్‌లో వేయకండి, ఇస్త్రీ మాట అసలు తలపెట్టకండి. రంగు వదిలిన బట్టను వేరే బకెట్లో పడేసి, మిగతావాటిని బకెట్ నిండా చల్లటి నీళ్లు పట్టి అందులో ముంచండి. నీళ్లకు రంగు దిగితే పారబోసి కొత్త నీళ్లు పట్టండి. ఇంతవరకు చేశారంటే ఇక టెన్షన్ అక్కర్లేదు, మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు. బట్ట తడిగా ఉన్నంతసేపూ అంటిన రంగు ఇంకా కదిలే స్థితిలోనే ఉంటుంది. ఆరాక, ముఖ్యంగా వేడి తగిలాక, పట్టు బిగిస్తుంది.

పట్టుచీర అయితే మాత్రం నానబెట్టకండి. దాని సంగతి కింద వేరుగా రాశాను, నేరుగా అక్కడికి వెళ్లండి.

ఇలాంటప్పుడు మన ఇళ్లలో మొదట చేతికొచ్చేవి ఉప్పు, వెనిగర్. ఆ రెండూ ఇప్పుడు వద్దు. ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా వద్దు. అవి రంగును పట్టించే సరుకులు, వదిలించేవి కావు. ఎందుకో తెలియాలంటే రంగు ఎలా పడుతుందో కాస్త చూడాలి.

అసలు రంగు ఎందుకు దిగుతుంది

1880ల తొలి సగంలో కాంగో రెడ్ అనే రంగు తయారైంది. అంతకుముందు చాలా రంగులు నూలుకు పట్టాలంటే పటిక లాంటిది ముందు పట్టించాల్సి వచ్చేది. కాంగో రెడ్ ఆ అవసరం లేకుండా నేరుగా పట్టింది. ఆ జాతివన్నీ డైరెక్ట్ రంగులు. చవక, వేయడం తేలిక. కానీ నూలుపోగుతో వాటి బంధం బలహీనం, వేడినీళ్లు తగిలితే బయటికి వచ్చేస్తాయి. 1956లో బ్రిటన్‌కు చెందిన ఐసీఐ కంపెనీ ప్రోసియాన్ పేరుతో రియాక్టివ్ రంగుల్ని మార్కెట్లోకి తెచ్చింది. ఇవి నూలుతో రసాయనికంగా ముడిపడిపోతాయి. అలా ముడిపడిన రంగు మామూలు ఉతుకులకు పోదు.

చిక్కేమిటంటే, అద్దకం తొట్టిలో వేసిన రంగంతా నూలుతో ముడిపడదు. కొంత భాగం నీళ్లతోనే కలిసి చెడిపోయి, పోగుల మధ్య ఊరికే ఇరుక్కుని ఉండిపోతుంది. శ్రద్ధగా చేసే అద్దకందారులు ఈ మిగులు రంగును మరిగే సబ్బునీళ్లలో వేసి, పదేపదే జాడించి తీసేస్తారు. నీళ్లు, ఇంధనం, సమయం మిగుల్చుకోవాలని ఆ పని సగంలో ఆపేసినచోట, ఆ మిగులంతా మన ఇంట్లో మొదటి రెండు మూడు ఉతుకుల్లో దిగుతుంది.

మీ తెల్ల చొక్కా మీదికి వచ్చింది చాలావరకు ఇలాంటి రంగే. అది చొక్కాతో ముడిపడలేదు, ఊరికే పట్టుకుని ఉంది. అందుకే వదిలించవచ్చు.

ఇక ఉప్పు సంగతి. నూలుకు రంగు వేసేటప్పుడు తొట్టిలో ఉప్పు పోస్తారు. నీళ్లలో ఉన్న రంగును పోగులోకి తోసేది ఆ ఉప్పే. రంగు అంటిన చొక్కాను ఉప్పునీళ్లలో నానబెడితే మనం చేసేదీ అదే పని. పట్టు, ఉన్ని రంగులకు పులుపు అలాంటిది. వాటికి వాడే యాసిడ్ రంగులు పులుపు ఉన్న నీళ్లలోనే బాగా పడతాయి. మరక పడ్డ పట్టు మీద వెనిగర్ పోస్తే మరక స్థిరపడుతుంది.

మరి కొత్త చీరను ఉప్పునీళ్లలో నానబెట్టే అలవాటు? ఆ ఒక్క పూటకు రంగు తక్కువ దిగుతుంది, మర్నాడు మామూలు నీళ్లలో మళ్లీ దిగుతుంది. ఒకే రంగు చీరకు దానివల్ల నష్టం లేదు. తెల్లటి నేల మీద ఎర్ర పువ్వులున్న బట్టకు మాత్రం ఉంది, దిగిన ఎరుపు వెళ్లి ఆ తెలుపు మీదే కూర్చుంటుంది.

మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సినవి

అది నిజంగా వేరే బట్ట రంగేనా? తెల్లబట్ట మీద సబ్బు పెట్టగానే ఎర్రటి మరక తేలిందంటే చాలాసార్లు అది పసుపు మరక. పసుపులోని కుర్కుమిన్ సబ్బు, సోడా తగిలితే ఎర్రబారుతుంది. సబ్బు పూర్తిగా జాడిస్తే మళ్లీ పచ్చగా మారుతుంది. కొత్త బట్టలకు మూలల్లో పసుపు పెట్టే ఇళ్లలో ఈ పొరపాటు తరచూ పడతారు. దానికి మందు ఎండ. ఉతికి, తడిగా ఎర్రటి ఎండలో వేస్తే రెండు మూడు రోజుల్లో చాలావరకు పోతుంది. ఈ వ్యాసంలోని మిగతా శ్రమ దానికి అక్కర్లేదు.

రెండోది, అంటుకున్న బట్ట ఏ దారంతో చేసింది? దీనికి తెల్లబట్ట, రంగుబట్ట అన్నదానికన్నా ఎక్కువ విలువ ఉంది. నూలును కాపాడే మందు పట్టును కరిగించేస్తుంది. లోపలి కుట్టు దగ్గర లేబుల్ ఉంటే చదవండి. లేకపోతే కుట్టు అంచు నుంచి ఒక పోగు లాగి, చిమ్టాతో పట్టుకుని, సింక్ మీద కాల్చి చూడండి. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది. పట్టు, ఉన్ని వెంట్రుకలు కాలిన వాసన కొడతాయి, నలిపితే పొడి అయ్యే నల్లటి ఉండ మిగులుతుంది. పాలిస్టర్, నైలాన్ కరిగి గట్టి పూస కడతాయి. నూలు, పాలిస్టర్ కలిసిన టెర్రీకాటన్ అయితే కొంత కాలి కొంత కరుగుతుంది.

తెల్ల నూలు బట్టలు: మూడు మెట్లు, ఈ వరసలోనే

బ్లీచ్ సీసా మూత తీయడానికి ముందు వేడినీళ్లకు ఒక అవకాశం ఇవ్వండి. నా లెక్కలో ఈ మొత్తం పనిలో అతి ముఖ్యమైన మెట్టు ఇదే. చాలామంది దాటేసేదీ ఇదే.

మొదటి మెట్టు, వేడినీళ్లు. అద్దకందారుడు వదిలేసిన పనిని ఇక్కడ మనం పూర్తి చేస్తున్నాం. కావాల్సింది వేడి, సబ్బు, అన్నిటికన్నా ఎక్కువగా బోలెడన్ని నీళ్లు. ఒక చొక్కాకు ఒక పెద్ద బకెట్ చొప్పున లెక్కవేసుకోండి. నీళ్లు తక్కువైతే వదిలిన రంగుకు వెళ్లే చోటు లేక మళ్లీ బట్ట మీదికే వస్తుంది. గీజర్ ఇచ్చే అత్యధిక వేడి నీళ్లు పట్టండి, 60 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది. అందులో గిన్నెలు తోమే లిక్విడ్ గానీ బట్టల లిక్విడ్ గానీ రెండు చెంచాలు కలపండి. చెయ్యి కాల్చుకోకుండా కర్రతో బట్టను పూర్తిగా ముంచండి. పైకి తేలిన చోట రంగు గీతలా చేరుతుంది కాబట్టి మీద ఒక స్టీలు పళ్లెం బరువుగా పెట్టండి. వేడి నిలవడానికి మూత వేసి రాత్రంతా వదిలేయండి.

పొద్దున్నే ఆ నీళ్లను గాజు గ్లాసులోకి తీసి, వెనక తెల్లకాగితం పెట్టి చూడండి. నీళ్లలో రంగు కనబడితే పని జరుగుతోందన్నమాట. నీళ్లు పారబోసి, మళ్లీ వేడినీళ్లు, మళ్లీ సబ్బు. గ్లాసులో నీళ్లు తేటగా వచ్చేదాకా ఇదే. రెండోసారికే చొక్కా తెల్లబడటం మామూలే. ముదురు మెరూన్ లంగాతో కలిసి ఉతికిన తెల్లబట్టలకు నాలుగైదు సార్లు పట్టవచ్చు. ఫ్రంట్‌లోడ్ మెషీన్ ఉన్నవాళ్లు 60 డిగ్రీల మీద పెద్ద సైకిల్‌ను రెండుసార్లు నడపవచ్చు, కానీ మెషీన్ తక్కువ నీళ్లు వాడుతుంది గనుక ఒకటి రెండు బట్టలే వేయాలి.

రెండో మెట్టు, ఆక్సిజన్ బ్లీచ్. నీళ్లు తేటగా వస్తున్నా బట్ట మీద లేత గులాబీ ఛాయ మిగిలితే అప్పుడు దీని అవసరం. వానిష్ లాంటి మరకల పొడుల్లో పని చేసే సరుకు సోడియం పర్‌కార్బనేట్. వేడినీళ్లలో పడగానే అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా, సోడాగా విడిపోతుంది. చల్లటి నీళ్లలో దాదాపు నిద్రపోతుంది, అందుకే పొడి వేశాం, ఏం కాలేదు అనే ఫిర్యాదు వస్తుంటుంది. నీళ్లు 40 నుంచి 60 డిగ్రీల మధ్య ఉండాలి. డబ్బా మీద రాసిన కొలత ప్రకారం పొడిని ముందు నీళ్లలో పూర్తిగా కరిగించి, తర్వాతే బట్ట వేయండి. పొడిని నేరుగా బట్ట మీద చల్లితే చుక్కలు చుక్కలుగా వెలిసిపోతుంది. తెల్లబట్టను ఐదారు గంటలు ఉంచవచ్చు. ఆ తర్వాత నీళ్లలో బలం పోతుంది, ఇంకా ఉంచి లాభం లేదు. కావాలంటే కొత్తగా కలుపుకోండి. కలిపిన నీళ్లను సీసాలో పోసి మూత బిగించకండి, లోపల వాయువు పుట్టి సీసా పగలవచ్చు.

మూడో మెట్టు, అచ్చంగా నూలు, అచ్చంగా తెలుపు అయిన బట్టలకు మాత్రమే. ఇక్కడ రెండు దారులున్నాయి. ఏది ఎంచుకోవాలన్నది అంటిన రంగును బట్టి ఉంటుంది.

నీలం జీన్స్ రంగు అంటితే క్లోరిన్ బ్లీచ్ మేలు. జీన్స్‌కు వేసేది నీలిమందు. అది నీళ్లలో కరగదు, అందుకే వేడినీళ్ల మెట్టు దాని మీద అంతగా పనిచేయదు. క్లోరిన్ మాత్రం దాని నిర్మాణాన్నే విరగ్గొడుతుంది. రిన్ ఆలా లాంటిది ఒక అర కప్పు, అంటే 100 మిల్లీలీటర్లు, పది లీటర్ల చల్లటి నీళ్లలో కలపండి. వేడినీళ్లు వద్దు. బట్ట వేసి దగ్గరే నిలబడండి. పది పదిహేను నిమిషాల్లో మార్పు కనిపిస్తుంది. అంతకు మించి ఉంచితే వదిలేది రంగు కాదు, నూలు బలం. తీసి మూడు నీళ్లు మార్చి జాడించండి. పంచాయతీ వాళ్లు బావుల్లో, కాలువల్లో చల్లే బ్లీచింగ్ పౌడర్‌ను బట్టలకు వాడకండి. కరగని పలుకు పడిన ప్రతిచోటా చిల్లి పడుతుంది.

ఎరుపు, గులాబీ, మెరూన్, నారింజ అంటితే హైడ్రోస్ బాగా పనిచేస్తుంది. రంగులు అమ్మే దుకాణాల్లో ఈ పేరుతోనే దొరుకుతుంది. దాని అసలు పేరు సోడియం హైడ్రోసల్ఫైట్. బెల్లం రంగు తేలడానికి కొందరు కలిపే హైడ్రోస్ కూడా ఇదే. ఎరుపు జాతి రంగుల్లో ఎక్కువ భాగం అజో రంగులు, అంటే అణువు మధ్యలో రెండు నత్రజని పరమాణువుల బంధం ఉన్నవి. ఆ బంధాన్ని ఇది తెంచేస్తుంది, రంగు రంగులా మిగలదు. స్టీలు గిన్నెలో గానీ ప్లాస్టిక్ బకెట్లో గానీ పది లీటర్ల వేడినీళ్లు తీసుకుని, ఒక చెంచా చాకలి సోడా, రెండు పెద్ద చెంచాల హైడ్రోస్ కలపండి. బట్ట వేసి నెమ్మదిగా తిప్పుతూ ఉండండి. పదిహేను, ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. అల్యూమినియం పాత్ర వద్దు. జరీ ఉన్నదేదీ వద్దు, నల్లబడుతుంది. రంగు చారలున్న పంచె, ఎంబ్రాయిడరీ ఉన్న కుర్తా వద్దు, వాటి అసలు రంగూ పోతుంది. నెమలిరంగు, చిలకాకుపచ్చ లాంటివి దీనికి సరిగ్గా లొంగవు. కొన్ని నీలాలు హైడ్రోస్‌లో మాయమైనట్టు కనిపించి, గాలి తగలగానే తిరిగి వస్తాయి.

హైడ్రోస్ గంధకం వాసన వేస్తుంది. బాత్‌రూమ్ తలుపు మూసి వాడకండి, వాకిట్లోనో బాల్కనీలోనో వాడండి. ఉబ్బసం ఉన్నవాళ్లు దూరంగా ఉండటం మంచిది. పొడి ఉన్న డబ్బాలో తడి చెంచా పెట్టకండి. తేమ తగిలితే తనంతట తానే వేడెక్కి అంటుకునే స్వభావం దానిది.

ఇంకా పెద్ద హెచ్చరిక ఒకటుంది. క్లోరిన్ బ్లీచ్‌ను దేనితోనూ కలపకండి. వెనిగర్, నిమ్మరసం, టాయిలెట్ క్లీనర్ లాంటి పులుపు తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది. అమ్మోనియా కలిసినా విషవాయువే. హైడ్రోస్‌తో కలిస్తే ఒక్కసారిగా వేడెక్కుతుంది. ఒకదాని తర్వాత ఇంకోటి వాడాల్సి వస్తే మధ్యలో బట్టను, బకెట్‌ను శుభ్రంగా కడగండి. ఒకే రోజు రెండూ వాడకపోవడం ఇంకా మేలు.

తెల్లబట్టలకు వేసే నీలం చుక్కలు, ఉజాలా లాంటివి ఈ జాబితాలో లేవు. అవి మరకను తీయవు. కాస్త పసుపుబారిన తెలుపును కప్పడానికి లేత నీలం వేస్తాయి, అంతే. మరక పూర్తిగా పోయాక మామూలు ఉతుకులో వాడుకోండి.

రంగు బట్టలు, అచ్చు బట్టలు

లేత పసుపు చుడీదార్ మీద నీలం పడిందనుకోండి. ఇక్కడ మూడో మెట్టు లేదు. వేడినీళ్ల మెట్టు కూడా, ఆ చుడీదార్ తన రంగు తాను నిలుపుకుంటుందని తేలాకే. లోపలి కుట్టు దగ్గర వేడి సబ్బునీళ్లు కొద్దిగా పోసి, తెల్ల గుడ్డతో నొక్కి ఐదు నిమిషాలు ఆగండి. గుడ్డకు పసుపు అంటకపోతే ముందుకు వెళ్లండి. ఆక్సిజన్ పొడికీ ఇదే పరీక్ష. రంగుబట్టను అందులో గంటకు మించి ఉంచకండి, మధ్యలో పావుగంటకోసారి చూడండి.

పెడన, మచిలీపట్నం వైపు అచ్చు కలంకారీ, శ్రీకాళహస్తి కలం పని చీరలు వేరే జాతి. సహజ రంగులతో చేసినవైతే నలుపు ఇనుము, బెల్లం నుంచి వస్తుంది, ఎరుపును పటిక నిలబెడుతుంది, నేలకు కరక్కాయ పట్టిస్తారు. వీటికి బ్లీచ్ ఏ రకమైనా శత్రువే. నిమ్మ, వెనిగర్ ఇనుప నలుపును తినేస్తాయి. వేరే బట్ట రంగు అంటితే చల్లటి నీళ్లలో, సోడా లేని సబ్బు లిక్విడ్‌తో మళ్లీ మళ్లీ జాడించడం ఒక్కటే నేను చెప్పగలిగిన క్షేమమైన దారి. కొంచెం ఛాయ మిగిలితే మిగలనివ్వండి. ఆ చీర మీద చేతిపని విలువ ఆ చిన్న మరక కన్నా ఎక్కువ. కలంకారీ పేరుతో అమ్మే స్క్రీన్ ప్రింట్లకు ఇంత జాగ్రత్త అవసరం లేదు, మామూలు అచ్చుబట్టలా చూడవచ్చు.

పట్టు, జరీ, రెండు దారాల చీరలు

పట్టుచీరల్లో ఎక్కువగా జరిగేది ఇంకో బట్ట రంగు అంటుకోవడం కాదు. చీర అంచు రంగే చీర మీదికి దిగుతుంది. ముదురు ఆకుపచ్చ అంచు, గంధం రంగు చీర. వానలో తడిసినా, కుంకుమ నీళ్లు పడ్డాయని ఒక చోట కడిగినా, అంచు పక్కన పచ్చటి పొగలాంటి గీత వస్తుంది.

అప్పుడు చేయాల్సింది ఇది. చీరను పిండకండి, తడిగా మడతపెట్టకండి. మంచం మీద తెల్ల దుప్పటి పరిచి దాని మీద చీర పరవండి. ముదురు రంగు, లేత రంగును తాకేచోటల్లా పొడి తెల్ల తువ్వాలు మధ్యలో పెట్టండి. ఒకరికి సాధ్యమయ్యే పని కాదు, ఇంట్లో ఇంకొకరిని పిలవండి. తర్వాత మరక ఉన్న భాగాన్ని మాత్రం కుళాయి కింద పట్టి, చల్లటి నీళ్లు సన్నగా వదలండి. నీళ్లు లేతరంగు వైపు నుంచి అంచు వైపు పారాలి, అంచు మీదుగా చీర మీదికి కాదు. ఈ ఒక్క దిశ సరిగ్గా ఉంటే సగం పని అయినట్టే.

రంగు దిగడం తగ్గాక, ఈజీ లాంటి సోడా లేని లిక్విడ్ కొద్దిగా చల్లటి నీళ్లలో కలిపి, మరక భాగాన్ని రెండు మూడు నిమిషాలు మాత్రం అందులో ఆడించి, వెంటనే కుళాయి కింద జాడించండి. రుద్దకండి, రుద్దితే పట్టు పోగు విరిగి తెల్లటి గరుకు వస్తుంది. రెండు తువ్వాళ్ల మధ్య పెట్టి నొక్కి తడి తీసేయండి. ఆరేసేటప్పుడు ముదురు అంచు కిందికి వచ్చేలా, నీడలో, ఫ్యాన్ గాలికి వేయండి. అంచు పైన ఉంటే మిగిలిన తడి రంగును వెంటబెట్టుకుని చీర మీదుగా కిందికి జారుతుంది.

క్లోరిన్ బ్లీచ్ ఒక చుక్క కూడా వద్దు, అది పట్టును కరిగిస్తుంది. వానిష్ లాంటి పొడుల్లో సోడా ఉంటుంది, అది కూడా పట్టుకు పడదు. ఇంకా మరక మిగిలితే డ్రై క్లీనింగ్‌కు ఇవ్వండి, కానీ ఊరికే ఇచ్చి రాకండి. డ్రై క్లీనింగ్ ద్రావకంలో ఈ రంగులు కరగవు. మరక మీద విడిగా మందు పెట్టి తీసే పని, వాళ్ల మాటలో స్పాటింగ్, చేసే మనిషి ఉన్నాడా అని అడగండి. ఏ రంగు ఎలా అంటిందో, ఇంట్లో మీరు ఏమేం వాడారో దాచకుండా చెప్పండి. ఆ సమాచారమే అతని చేతికి ఆధారం.

గద్వాల చీర సంగతి ప్రత్యేకం. చీర నూలు, అంచు, కొంగు పట్టు. పట్టుకు వేసే యాసిడ్ రంగులకు నూలు మీద మక్కువ తక్కువ. కాబట్టి పట్టు అంచు రంగు నూలు మీదికి దిగితే, వెంటనే చల్లటి నీళ్లతో, మెత్తటి సబ్బుతో జాడించినప్పుడు చాలావరకు పోతుంది. తిరగబడితే కష్టం. నూలు మీది డైరెక్ట్ రంగు పట్టు అంచుకు అంటితే అది పట్టును కూడా పట్టుకోగలదు. అలాంటి చీరలో ముదురు రంగు ఎటువైపు ఉందో కొనేటప్పుడే చూసి పెట్టుకోవడం మంచిది.

పాలిస్టర్, టెర్రీకాటన్, నైలాన్

పాలిస్టర్‌కు రంగు పట్టించాలంటే మిల్లులో 130 డిగ్రీల దాకా వేడి కావాలి. మీ బకెట్లోని నూలు రంగు దాని లోపలికి వెళ్లలేదు, పైపైనే ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లలో సబ్బుతో ఒకటి రెండుసార్లు ఉతికితే సాధారణంగా పోతుంది. స్కూల్ యూనిఫాం చొక్కాల్లో ఎక్కువగా ఉండే టెర్రీకాటన్‌లో నూలు భాగానికే మరక పడుతుంది, కాబట్టి నూలు పద్ధతిలో రెండో మెట్టు దాకా వెళ్లి ఆగండి.

నైలాన్ అలా కాదు. పట్టులాగే యాసిడ్ రంగుల్ని ఆబగా పీల్చుకుంటుంది. లోదుస్తులు, లెగ్గింగ్స్ ముందుగా రంగు మారేది అందుకే. లైక్రా ఉన్న దేనికీ క్లోరిన్ వద్దు, సాగుడు పోయి పసుపుబారుతుంది. గోరువెచ్చటి నీళ్లలో ఆక్సిజన్ పొడి అరగంట, పోకపోతే ఇంకోసారి.

మరక అప్పటికే ఆరిపోయి, ఇస్త్రీ కూడా అయిపోతే

వదిలేయకండి. అవే మెట్లు, కాకపోతే ఓపిక ఎక్కువ కావాలి. వేడినీళ్లు ఒక రాత్రికి బదులు రెండు మూడు రాత్రులు. మరక ఒక్కచోటే ఉన్నా బట్ట మొత్తాన్నీ నానబెట్టండి. మరక మీద మాత్రమే మందు వేస్తే అది పోయి చుట్టూ తెల్లటి వలయం మిగులుతుంది.

దేనికీ లొంగకపోతే బట్టకు ముదురు రంగు వేయించవచ్చు. అంటిన రంగు జాతిలోనే ముదురు ఛాయ ఎంచుకోండి. గులాబీ పడితే మెరూన్, నీలం పడితే నేవీ బ్లూ. లేత రంగు వేస్తే కింది మరక పైకి కనిపిస్తుంది. నూలు చొక్కా అయినా కుట్టుదారం పాలిస్టర్ కావచ్చు, ఆ దారాలు తెల్లగానే ఉండిపోతాయి. ముందే తెలిస్తే తర్వాత బాధ ఉండదు.

రంగు వదిలిన బట్టను ఏం చేయాలి

పక్కన పడేసిన ఆ మొదటి బకెట్ దగ్గరికి ఇప్పుడు రండి. ఆ బట్టను అలాగే వదిలేస్తే వచ్చే వారం ఇదే కథ. నూలుదైతే, ఒకే రంగుదైతే, పైన చెప్పిన వేడి సబ్బునీళ్ల పని దానికీ చేయండి. నీళ్లు తేటపడేదాకా మార్చండి. మిగులు రంగు పోయాక అది మామూలుగా ఉంటుంది, ముడిపడిన రంగు అలాగే నిలుస్తుంది. ఎన్నిసార్లు మార్చినా నీళ్లు రంగు తిరుగుతూనే ఉంటే అది డైరెక్ట్ రంగు. దానికి అద్దకం సరుకుల దుకాణాల్లో దొరికే డై ఫిక్సర్, అంటే రంగును నిలబెట్టే మందు, పట్టించండి, లేదా ఎప్పటికీ వేరుగానే ఉతకండి.

ముందే అనుమానించాల్సినవి కొన్ని ఉన్నాయి. చీర కింది లంగాలు, జాకెట్ లైనింగ్ గుడ్డ, చీరకు వేసే ఫాల్, కొత్త తువ్వాళ్లు. లైనింగ్ గుడ్డను కుట్టించే ముందే వేడినీళ్లలో వేయడం నేను గట్టిగా చెప్పే సలహా. కుట్టాక అది రంగు వదిలితే పైబట్టకు, చెమట పట్టిన చంకల దగ్గర మరీ ముఖ్యంగా, లోపలి నుంచి అంటుతుంది. అప్పుడు రెండింటినీ విడదీయలేం.

దీక్షల కాలం ఇంకోటి. అయ్యప్ప మాలకు నల్లబట్టలు, భవానీ మాలకు ఎర్రబట్టలు అప్పటికప్పుడు కొని అదే రోజు కడతారు, తర్వాత రోజూ ఉతుకుతారు. అయ్యప్పలకు 41 రోజులు. ఇంట్లో మిగతావాళ్ల బట్టల బకెట్ పక్కనే ఆ నలుపు నీళ్లు. మాల వేసుకునే ముందు వారంలోనే బట్టలు కొని, రెండుసార్లు వేడి సబ్బునీళ్లలో నానబెట్టి జాడిస్తే ఆ నలభై రోజులూ నిశ్చింతగా ఉంటుంది.

ఏ కొత్త బట్టకైనా పరీక్ష ఒకటే. లోపలి మూల తడిపి, తెల్ల గుడ్డ మడిచి పైన పెట్టి, వేడి ఇస్త్రీపెట్టెతో పది సెకన్లు నొక్కండి. గుడ్డకు రంగు దిగితే అది వేరుగా ఉతకాల్సిన బట్ట. రంగు పీల్చే కాగితాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మెషీన్‌లో వేస్తే నీళ్లలో తేలే కొద్దిపాటి రంగును పట్టుకుంటాయి. లేత అనుమానానికి అవి చాలు. కొత్త మెరూన్ లంగాను, తెల్ల చొక్కాను ఆ కాగితం నమ్ముకుని కలిపి వేయకండి.

చివరిగా మెషీన్. ఫ్రంట్‌లోడ్ తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడతలో రంగునీళ్లు నిలుస్తాయి, గుడ్డతో తుడవండి. ఖాళీ మెషీన్‌ను అత్యధిక వేడి మీద ఒకసారి తిప్పండి. తర్వాత పాత తెల్ల గుడ్డ ఒకటి వేసి మామూలు సైకిల్ నడపండి. అది తెల్లగా బయటికి వస్తే మిగతా తెల్లబట్టలు వేయవచ్చు.